దొరికాడన్న మెసేజ్ ఎవరు పంపాలి?

పోయిన సెమిస్టర్ ఎగ్జామ్స్ టైమ్‌లో మా హాస్టల్ గ్రూప్‌లో ఒక ఫొటో వచ్చింది. నీలం చొక్కా వేసుకున్న ఆరేళ్ల బాబు. "ఈరోజు ఉదయం నుంచి కనబడటం లేదు, దయచేసి అన్ని గ్రూపులకూ పంపండి" అని రాసి, కింద ఒక ఫోన్ నంబర్. నేను క్షణం కూడా ఆలోచించలేదు. మా ఊరి గ్రూప్, స్కూల్ ఫ్రెండ్స్ గ్రూప్, చుట్టాల గ్రూప్, మూడింటికీ పంపేశాను. మంచి పని చేశానన్న తృప్తితో చదువుకోవడానికి కూర్చున్నా. రాత్రి ఉండబట్టలేక, బాబు దొరికాడేమో కనుక్కుందామని ఆ నంబర్‌కి ఫోన్ చేశా.

ఎత్తింది వాళ్ల నాన్న. "దొరికి రెండేళ్లయింది బాబూ. ఆ సాయంత్రమే దొరికాడు. ఇప్పుడు మూడో తరగతి. ఈ ఫోన్లే ఆగట్లేదు" అన్నారు. సారీ చెప్పి, మాటల్లో ఇంజినీరింగ్ చదువుతున్నానని అన్నా. "అయితే ఆ ఫొటో ఎలా ఆపాలో నువ్వైనా చెప్పు నాయనా" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు.

ఆ సమాధానం కోసం వెతుకుతూ అమెరికాలోని ఆంబర్ అలర్ట్ గురించి చదివాను. 1996 జనవరిలో టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో సైకిల్ తొక్కుతున్న ఆంబర్ హేగర్‌మన్ అనే తొమ్మిదేళ్ల పాపను ఒకడు పికప్ ట్రక్కులో ఎత్తుకుపోయాడు. చూసినాయన పోలీసులకి ఫోన్ చేశాడు. కానీ ఆ కబురు ఊరందరికీ వెంటనే చేరే దారి లేదు. నాలుగు రోజుల తర్వాత పాప శవం దొరికింది. తుఫాను వస్తే రేడియోలో హెచ్చరిస్తారు కదా, పిల్లల కోసం ఎందుకు హెచ్చరించకూడదు అన్న ఆలోచనతో అక్కడి రేడియో స్టేషన్లు, పోలీసులు కలిసి ఈ పద్ధతి మొదలుపెట్టారు. 2013 నుంచి ఆ అలర్ట్ నేరుగా సెల్‌ఫోన్లకే వస్తోంది.

నన్ను ఆకట్టుకున్నది ఆ అలర్ట్ మోత కాదు, ఊరికే మోగకుండా పెట్టుకున్న నియమాలు. పిల్లల్ని ఎవరో ఎత్తుకెళ్లారని పోలీసులు నమ్మడానికి తగిన కారణం ఉండాలి. ప్రాణాపాయం ఉందనిపించాలి. జనం గుర్తుపట్టేందుకు సరిపడా వివరాలుండాలి. అన్నిటికన్నా ముఖ్యం, పంపేవాళ్లెవరో తెలుసు కాబట్టి ఆపేవాళ్లెవరో కూడా తెలుసు. అదేమీ లోపాల్లేని పద్ధతి కాదు. అర్ధరాత్రి మోతకి విసుగొచ్చి అలర్ట్‌లు ఆఫ్ చేసుకునేవాళ్లూ ఉన్నారు. అయినా దానికి ఒక మొదలు, ఒక ముగింపు ఉన్నాయి.

అవేవీ లేకపోతే ఏమవుతుందో మనం 2018లో చూశాం. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారన్న ఫార్వర్డ్‌లు నమ్మి మహారాష్ట్రలోని ధూలే జిల్లాలో ఐదుగురిని కొట్టి చంపారు. అదే జులైలో హైదరాబాద్‌కి చెందిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ స్నేహితులతో కలిసి కర్ణాటకలోని బీదర్ జిల్లాకి వెళ్లాడు. వాళ్లలో ఒకరు పిల్లలకి చాక్లెట్లు ఇచ్చారు. అంతే, అనుమానంతో జనం ఎగబడ్డారు, ఆయన ప్రాణం పోయింది. ఆ తర్వాత వాట్సాప్ ఒకేసారి ఐదు చాట్‌లకే ఫార్వర్డ్ అని పరిమితి పెట్టింది. వేగం తగ్గింది సరే, నిజమో కాదో చూసే మనిషి మాత్రం మధ్యలో లేడు.

"అయితే ఫార్వర్డ్ చేయొద్దంటావా? దానివల్లే ఒక్క పిల్లాడు దొరికితే?" అని మా రూమ్మేట్ అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. తప్పిపోయిన మొదటి గంటలు ఎంతో విలువైనవి. అందుకే ఆ పని మన దయ మీద వదిలేయకూడదంటాను. 2023లో మన ఫోన్లన్నీ ఒక్కసారిగా బీప్‌మని మోగాయి, గుర్తుందా? అది సెల్ బ్రాడ్‌కాస్ట్ పరీక్ష. టవర్ పరిధిలో ఉన్న ఫోన్లన్నిటికీ ఒకేసారి మెసేజ్ వెళ్తుంది, ఎవరి నంబరూ అక్కర్లేదు. విపత్తుల కోసం తెచ్చిన ఆ దారిని గట్టి నియమాలతో పిల్లల కోసం కూడా వాడాలి. మన దగ్గర తెలుగులో రావాలి. దొరికాక అదే దారిలో "దొరికారు" అని కూడా రావాలి.

అప్పటిదాకా మనం చేయగలిగింది ఉంది. మెసేజ్‌లో తేదీ, పోలీస్ స్టేషన్ పేరు లేకపోతే కనుక్కోకుండా పంపొద్దు. ఆపదలో ఉన్న పిల్లలు కనిపిస్తే గ్రూప్ కంటే ముందు 1098కో 112కో చెప్పాలి. తెలిసినవాళ్ల పిల్లలు కనబడకపోతే 24 గంటలు ఆగాలన్న మాట నమ్మొద్దు. పిల్లలు తప్పిపోయారని ఫిర్యాదు వస్తే ఎఫ్‌ఐఆర్ రాయాల్సిందేనని 2013లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

మర్నాడు నేను ఆ మూడు గ్రూపుల్లోకీ మళ్లీ వెళ్లి, "ఆ బాబు రెండేళ్ల క్రితమే దొరికాడు, ఫొటో పంపకండి" అని రాశాను. కొందరు బొటనవేలు చూపించారు. ఫొటోని ఎంతోమంది ముందుకు పంపారు. ఈ మాటని పంపినవాళ్లు మాత్రం నాకు తెలిసి ఒక్కరూ లేరు.