బొమ్మ కింది పీట ఎంత వెడల్పు?

1459లో దేవరకొండ కోట ముందు ఇద్దరు బహమనీ సేనానుల మధ్య ఒక వాదన జరిగింది. సుల్తాన్ హుమాయూన్ షా పంపిన సైన్యం కోటను ముట్టడించి ఉంది. లోపల రేచర్ల వెలమ దొర లింగమ నాయకుడు ఉన్నాడు. ఆయనకు సాయంగా ఒడిశా రాజు కపిలేశ్వర గజపతి సేన ఏనుగులతో సహా బయల్దేరి వస్తోందని కబురందింది. ఈ కొండల సందుల్లో చిక్కుకుపోకుండా బయటి మైదానంలోకి వెళ్లి అక్కడే తలపడదామని నిజాం ఉల్ ముల్క్ అన్నాడు. ముట్టడి ఎత్తేస్తే బెదిరిపోయామనుకుంటారని ఖ్వాజా జహాన్ ససేమిరా అన్నాడు. చివరికి గజపతి సేన ఒకవైపు నుంచి, కోట తలుపులు తీసుకుని లింగమ నాయకుడి బలగం ఇంకోవైపు నుంచి మీద పడ్డాయి. నడుమ నలిగిన బహమనీ సైన్యం చెల్లాచెదురైంది. ఫెరిష్తా చరిత్రలో కనిపించే ఈ ఘట్టాన్ని ఎన్నిసార్లు చదివినా తేలేది ఒక్కటే: ఆ రోజు గెలుపోటములను తేల్చింది కత్తి పదును కంటే ముందు నిలబడే జాగా.

ఇలాంటి యుద్ధాలను బల్ల మీద చిన్న బొమ్మలతో ఆడి చూసే అలవాటు ప్రపంచంలో చాలాచోట్ల ఉంది. సీసంతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన అంగుళం లోపు సైనికులు, అట్టతో కట్టిన కొండలు, టేపుతో కొలిచే నడక, పాచికలతో తేలే పోరు. మన పిల్లలకు దేవరకొండ, పానగల్లు, కోయిలకొండ కోటల కథ చెప్పడానికి ఇంతకంటే మంచి సాధనం నాకు కనిపించదు. పానగల్లు, పిల్లలమర్రి మ్యూజియాల్లో ఒక్కో బల్ల ఇలాంటిది ఉండాలని కూడా నా కోరిక. అయితే ఈ పనికి దిగినవాళ్లంతా ముందు బొమ్మలు కొంటారు, రంగులు వేస్తారు, ఆఖరున చేతికందిన అట్టముక్క మీద అతికిస్తారు. నా వాదన దానికి తలకిందులు. బొమ్మ నిలిచే ఆ ముక్కను ఆటగాళ్లు బేస్ అంటారు, మనం పీట అనుకుందాం. ముందు తేల్చాల్సింది ఆ పీట కొలత. ఆ కొలతను నేలను చూసి తేల్చాలి, బొమ్మను చూసి కాదు.

ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు బల్ల తీసుకుందాం. బల్ల మీద ఒక సెంటీమీటరు అంటే నేల మీద పది మీటర్లు అనుకుంటే, ఆ బల్లలో దాదాపు 1,800 మీటర్ల పొడవు, 1,200 మీటర్ల వెడల్పు నేల పడుతుంది. ఒక కోట, దాని ముందరి చెలక, రెండు గుట్టల మధ్య దారి చూపడానికి ఇది చాలు. ఇదే లెక్కన మనిషిని చేస్తే ఎత్తు ఆవగింజంతే ఉంటుంది. కంటికి ఆనాలి కాబట్టి 15 మిల్లీమీటర్ల బొమ్మ పెడతాం. అంటే బొమ్మ ఒక కొలతలో ఉంది, నేల ఇంకో కొలతలో ఉంది, బొమ్మ నేల కంటే తొమ్మిది, పది రెట్లు పెద్దది. ఈ రెండూ ఎప్పటికీ కలవవు. వాటిని కలిపి ఉంచేది పీట ఒక్కటే. బొమ్మ ఒక గుర్తు. అది గుర్రపు దళమని, విలుకాళ్లని చెబుతుంది. ఆ దళం ఎంత నేల ఆక్రమించిందో చెప్పేది పీట. 40 మిల్లీమీటర్ల పీట అంటే 40 మీటర్ల బారు. గుర్రానికి అడ్డంగా మీటరు చొప్పున ఒక వరుసలో నలభై గుర్రాలు, నాలుగు వరుసలైతే నూట అరవై. పీట మీద మూడే గుర్రపు బొమ్మలున్నా ఆడేవాడు కదుపుతున్నది నూట అరవై రౌతులను.

ఈ ఆటలకు మూలమైన ప్రష్యా యుద్ధక్రీడ చేసిందీ ఇదే. 1824లో రైస్‌విట్జ్ అనే సైనికాధికారి ప్రష్యన్ సైన్యానికి ఇచ్చిన ఆటలో బొమ్మలే లేవు. ఎనిమిది వేల వంతుకు కుదించిన పటం, దాని మీద దళాలకు బదులు చిన్న బిళ్లలు. ఒక్కో దళం నిజంగా ఎంత నేల మీద నిలుస్తుందో, ఆ బిళ్ల పటం మీద అంతే ఉండేది. అందుకే ఒక వంతెన దగ్గర ఎంతమంది పడతారో, ఒక పొలం గట్టు వెనక ఎంతమంది దాగగలరో అధికారులకు చూపుతోనే అర్థమైంది. ఇంకా వెనక్కి పోతే క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దంలోనే గ్రీకు చరిత్రకారుడు పాలీబియస్ ఈ కొలతతో ఒక పెద్ద ప్రశ్నకు జవాబు చెప్పాడు. మాసిడోనియా ఈటెల సైనికుడికి మూడడుగుల జాగా చాలు, కత్తి తిప్పుకోవాల్సిన రోమన్‌కు దానికి రెట్టింపు కావాలి, కాబట్టి ఒక్కో రోమన్ ఎదుట ఇద్దరు ఈటెలవాళ్లు నిలుస్తారని లెక్కగట్టాడు. ఈటెల బారును ఎదురుగా వెళ్లి ఢీకొనడం ఎందుకు అసాధ్యమో ఆ ఒక్క కొలతలో ఉంది. ఇద్దరినీ ఒకే వెడల్పు పీటల మీద ఒకే లెక్కన అతికిస్తే ఆ సంగతి బల్ల మీద కనిపించకుండా పోతుంది.

మరి ఏ కొలత వాడాలి? 1990లో బ్రిటన్‌లో వచ్చిన డీబీఏ అనే ఆట నియమాలు చూపిన దారి మన పనికి బాగా సరిపోతుంది. 15 మిల్లీమీటర్ల బొమ్మలకు ముందువైపు వెడల్పు అందరికీ ఒకటే, 40 మిల్లీమీటర్లు. మారేవి లోతు, బొమ్మల సంఖ్య. ఒత్తుగా నిలిచే ఈటెల కాల్బలం నలుగురు 15 మిల్లీమీటర్ల లోతులో భుజం భుజం ఆనించి ఉంటారు. చెదురుగా పోరాడేవాళ్లు ఇద్దరే, 20 మిల్లీమీటర్ల లోతులో ఎడంగా ఉంటారు. గుర్రాలు మూడు, 30 లోతు. ఏనుగు ఒక్కటే, దానికి చదరంగా 40కి 40. ఏనుగు పీటను చేతిలోకి తీసుకుని చూడండి. సన్నటి ప్లైవుడ్ ముక్క, పైన ఫెవికాల్ పూసి జల్లించిన ఎర్ర చెలక మట్టి చల్లారు, మధ్యలో ఏనుగు, చుట్టూ ఖాళీ. ఆ ఖాళీ వృథా కాదు. ఏనుగు పక్కన అలవాటులేని గుర్రం నిలవదు, బెదిరిన ఏనుగు ఎటు తిరుగుతుందో మావటికే తెలియదు. ఖాళీ నేల కూడా ఏనుగు బలంలో భాగమే. పక్కనే ఈటెల పీట పెడితే అందులో మట్టి కనిపించదు, అన్నీ కాళ్లే. రెండు పీటలను పక్కపక్కన పెట్టి చూసిన పిల్లవాడికి గజబలానికీ పదాతిదళానికీ తేడా పాఠం చెప్పక్కర్లేదు.

ఇప్పుడు దేవరకొండకు వద్దాం. రెండు గుట్టల మధ్య 300 మీటర్ల సందు ఉందనుకుందాం. బల్ల మీద అది 30 సెంటీమీటర్లు. 40 మిల్లీమీటర్ల పీటలు ఏడు పడతాయి. పెద్ద బొమ్మలు ముచ్చటగా ఉంటాయని 60 మిల్లీమీటర్ల పీటలు కడితే ఐదే పడతాయి. 25 మిల్లీమీటర్ల గుండ్రటి పీటలైతే పన్నెండు. నియమాలు మారలేదు, సందు మారలేదు, పాచికలు మారలేదు. అయినా ఖ్వాజా జహాన్ ఎంత సైన్యాన్ని ముందుకు దింపగలడన్నది మారిపోయింది. పన్నెండు పీటలు పట్టే బల్ల మీద నిజాం ఉల్ ముల్క్ సలహా పిరికిమాటలా వినిపిస్తుంది. ఏడే పట్టే బల్ల మీద అది ఎంత అనుభవంతో చెప్పిన మాటో అర్థమవుతుంది, ఎందుకంటే వెనక వరుసల్లో ఉన్నవాళ్లకు చేయడానికి పనే ఉండదు. చరిత్ర మీద పిల్లలు ఏర్పరచుకునే అభిప్రాయం ఒక అట్టముక్క కొలత మీద ఆధారపడి ఉందంటే అది చిన్న విషయం కాదు.

దీనికి కొందరు అడ్డం చెబుతారు. లోతు సంగతి ఏమిటంటారు. నాలుగు వరుసల గుర్రాలు నిజానికి పది పన్నెండు మీటర్లలో సరిపోతాయి, మీ పీట 30 మీటర్లు తింటోంది కదా అని. ఒప్పుకుంటాను. బొమ్మ నిలవాలి కాబట్టి లోతులో కొంత అబద్ధం తప్పదు. కానీ బారు తీరిన సైన్యాలు తలపడేది ముందు వెడల్పుతో. లోతులో తప్పు చేస్తే ఆట కొంచెం మందగిస్తుంది, వెడల్పులో తప్పు చేస్తే ఫలితమే తారుమారవుతుంది. ఇంకో అభ్యంతరం ఖర్చు గురించి. ఒకసారి అతికించిన సైన్యాన్ని ఊడబీకి మళ్లీ అతికించడం కష్టమే. 2024 జనవరిలో వార్‌హామర్ ది ఓల్డ్ వరల్డ్ ఆట వచ్చినప్పుడు మామూలు కాల్బలం పీటను 20 నుంచి 25 మిల్లీమీటర్లకు పెంచారు. ఇరవై మంది వరుస 40 సెంటీమీటర్ల నుంచి 50కి సాగింది, పాత సైన్యాలున్నవాళ్లు తలలు పట్టుకున్నారు. దారి లేకపోలేదు. బొమ్మలను చిన్న రేకుముక్కల మీద నిలిపి, అయస్కాంతపు షీటు పరిచిన పలకల్లో పెట్టుకుంటే కొలత మార్చాలనుకున్నప్పుడు పలక మార్చుకోవచ్చు. బడులకు ఇదే మేలు.

గుండ్రటి పీటలను నేను పూర్తిగా తోసిపుచ్చను. 1708లో వరంగల్ మీదా, ఆ తర్వాత భువనగిరి మీదా మెరుపులా పడిన సర్వాయి పాపన్న దండును బారు తీర్చి చూపిస్తే అది తప్పు. అక్కడ మనిషి మనిషిగా కదులుతాడు, ఎటైనా తిరుగుతాడు, గోడ ఎక్కుతాడు. ఒక్కో బొమ్మకు ఒక్కో గుండ్రటి పీట అక్కడ న్యాయం. అదే పీటలతో బారు కడితే అంచులు ఒక్కో చుక్క దగ్గరే తగులుతాయి, మధ్య మధ్య సందులు మిగులుతాయి. ఒత్తుగా నిలిచిన ఈటెల వరుసలో ఆ సందులు లేవు.

అసలు సంఖ్యలే నమ్మకంగా తెలియనప్పుడు ఈ మిల్లీమీటర్ల పట్టింపు ఎందుకన్నది అన్నిటికంటే గట్టి ప్రశ్న. నిజమే, పాత చరిత్రకారులు సైన్యాలను లక్షల్లో రాశారు. కానీ ఆ లక్షలను పరీక్షించే సాధనం కూడా పీటే. హెరొడోటస్ చెప్పిన పారశీక సైన్యపు సంఖ్యను జర్మన్ చరిత్రకారుడు హాన్స్ డెల్‌బ్రూక్ తోసిపుచ్చింది ఇలాంటి లెక్కతోనే. అంతమంది దారిలో నడిస్తే ముందున్నవాళ్లు థర్మోపైలే చేరేసరికి చివరివాళ్లు ఇంకా సూసా నుంచి బయల్దేరుతుంటారన్నాడు. మనమూ వేసి చూద్దాం. లక్ష గుర్రాలు నాలుగు వరుసల్లో నిలిస్తే బారు 25 కిలోమీటర్లు. దేవరకొండలో మొదలైన బారు కొండమల్లేపల్లి దాటి ఎంతో దూరం పోతుంది. మన బల్ల మీద అది 25 మీటర్లు, ఆరువందలకు పైగా పీటలు.

పీటతో ఇంకో పని కూడా ఉంది. 1417 ప్రాంతంలో బహమనీ సుల్తాన్ ఫిరోజ్ షా ముట్టడించి, రెండేళ్లు పడిగాపులు కాసి, విజయనగర రాజు దేవరాయల చేతిలో ఓడిపోయిన పానగల్లు ఏదన్న చర్చ ఉంది. నల్లగొండ పక్కన ఉదయసముద్రం చెరువున్న పానగల్లు ఒకటి, పాత మహబూబ్‌నగర్ జిల్లాలో గుట్ట మీద కోట ఉన్న పానగల్లు ఇంకొకటి. పీటలు పేర్చినంత మాత్రాన ఆ చర్చ తేలదు. కానీ ఒక బల్ల మీద చెరువుకట్టను, ఇంకో బల్ల మీద గుట్టను కట్టి, ఒకే కొలత పీటలతో అదే సైన్యాన్ని రెండు చోట్లా నిలిపితే ఎక్కడ గుర్రానికి జాగా ఉందో, ఎక్కడ లేదో రెండు జిల్లాల పిల్లలు వేలు పెట్టి చూపించగలరు.