కొండపల్లి బొమ్మకు కన్ను దిద్దాలంటే

పొణికి కర్రతో చేసిన కొండపల్లి బొమ్మకి సొంతంగా రంగులేద్దామనుకుంటున్నారా? ఒళ్లంతా ఈజీనే. అసలు పరీక్ష కన్ను దగ్గర. చుక్క కాస్త జరిగినా అంబారీ ఏనుగుకి మెల్లకన్నే!

అలాగని 10ఎక్స్ లెన్స్ ఆర్డర్ పెట్టేయకండి. దాంతో బొమ్మని సుమారు 2.5 సెంటీమీటర్ల దగ్గరకి తేవాలి. ఇక బ్రష్ ఎక్కడ దూరుతుంది? తలకి తగిలించుకునే 2ఎక్స్ చాలు, జానెడు చోటు మిగులుతుంది.

ఆ మిగిలిన డబ్బు లైటు మీద పెట్టండి. డబ్బా మీద సీఆర్‌ఐ 90 దాటిందా, రంగు 5000కె దగ్గర ఉందా చూడండి. పసుపు బల్బు కింద తెలుపూ లేత పసుపూ ఒకేలా కనిపిస్తాయి. కుడిచేతివాటం వాళ్లు లైటుని ఎడమవైపు పెట్టాలి. లేదంటే మన చేతి నీడ సరిగ్గా ఆ కంటి మీదే పడుతుంది. ఫోన్ టార్చ్ అయితే మరీ దారుణం, తడి రంగు మీద మెరుపు తప్ప గీత కనపడదు. ఎల్‌ఈడీ ముందు బటర్ పేపర్ అడ్డం పెట్టి చూడండి, ఆ మెరుపు తగ్గుతుంది.