సంతకం మనదైతే పెత్తనం ఎవరిది?

ఊరి సర్పంచ్ సీటు ఎస్సీ రిజర్వు అని లిస్టు వచ్చిన రోజు వాడలో డప్పు మోగుతుంది. ఆ రాత్రే పటేలు ఇంటి అరుగు మీద కూడా నలుగురు కూడుతారు. వాడలో డప్పు ఆగకముందే అరుగు మీద పేరు ఖాయమైపోతుంది. ఆ పేరు ఇంట్లో జీతమున్నోడిదో, ట్రాక్టర్ నడిపేటోడిదో, అప్పు కట్టలేక తల వంచుకున్నోడిదో అయి ఉంటుంది. "నువ్వు ఊకె సంతకం పెట్టు, కడమ సంగతి మేం చూసుకుంటం" అంటారు. వాడలో చదువుకున్న పిల్లగాడో, సంఘంలో తిరిగిన ఆడపిల్లో "నేను నిలబడుత" అంటే మాత్రం "వానికేం తెలుసు, ఊరు ఆగమైతది" అంటారు.

వరంగల్ పల్లెల్లో మనం ముప్పై ఏండ్లుగా చూస్తున్న తంతు ఇది. మొదటిసారి ఎన్నికల్లో నిలబడదామనుకునే అన్నలతో, అక్కలతో, తమ్ముళ్లతో, చెల్లెండ్లతో ఒక్క మాట చెప్పదలచుకున్నాం. నువ్వు ఎవరి పెత్తనంలో సర్పంచ్‌వి అవుతావనేది ఓట్ల రోజు తేలదు. నిన్ను ఎవరు నిలబెట్టారు, నీ ఖర్చు ఎవరు పెట్టారు అన్న కాడనే తేలిపోతుంది.

ఈ కుర్చీ ఎవరి దయ వల్లా రాలేదు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. పంచాయతీల్లో ఎస్సీ, ఎస్టీలకు జనాభా ప్రకారం సీట్లు, ఆడవాళ్లకు మూడోవంతుకు తగ్గకుండా సీట్లు ఇయ్యాలని అది చెప్పింది. దాని మీద 1994లో రాష్ట్ర పంచాయతీరాజ్ చట్టం వచ్చింది, 1995లో ఎన్నికలు జరిగాయి. 2018లో వచ్చిన తెలంగాణ చట్టంలో ఆడవాళ్ల వాటా సగం. చట్టం ఇంతవరకు మంచిదే. కానీ కుర్చీ మీద ఎవరు కూర్చోవాలో చెప్పిన చట్టం, వాళ్లను ఎవరు కూర్చోబెడతారో చెప్పలేదు.

ఈ కిటుకు కొత్తది కాదు. 1932లో కమ్యూనల్ అవార్డు మనకు వేరే ఓటర్ల జాబితాతో 71 సీట్లు ఇచ్చింది. గాంధీ నిరాహారదీక్షకు కూర్చున్నాడు. సెప్టెంబరు 24న పూనా ఒడంబడిక కుదిరి సీట్లు 148 అయినయి, కానీ ఓటు ఉమ్మడి అయింది. అంటే మన సీటుకు మన మనిషిని ఎంచేది మనం ఒక్కళ్లమే కాదు, ఊరంతా. దాని ఫలితం బాబాసాహెబ్ తన మీదనే చూసిండు. స్వతంత్ర దేశపు మొదటి లోక్‌సభ ఎన్నికల్లో, 1952లో, బొంబాయి ఉత్తర నియోజకవర్గంలో రిజర్వు సీటుకు ఆయన నిలబడితే కాంగ్రెస్ నిలబెట్టిన దళిత అభ్యర్థి కాజ్రోల్కర్ చేతిలో ఓడిపోయిండు. రాజ్యాంగం రాసిన మనిషిని రిజర్వు సీటులోనే ఓడించిన పద్ధతి, మన ఊళ్లో మన తమ్మున్ని వదులుతుందా?

వరంగల్‌నే చూడండి. 2009 ఎన్నికల నుంచి వరంగల్ లోక్‌సభ సీటు ఎస్సీలది. వర్ధన్నపేట, స్టేషన్ ఘన్‌పూర్ అసెంబ్లీ సీట్లు కూడా ఎస్సీలవే. పైన ఎంపీ మనోడు, ఎమ్మెల్యే మనోడు. అయినా కింద ఊళ్లో సర్పంచ్ కుర్చీ పటేలు ముందల వేసుకునే ధైర్యం మనకు ఎంతమందికి వచ్చింది? పై సీట్లలో పార్టీ బీఫారం ఇస్తుంది. సర్పంచ్ ఎన్నికకు పార్టీ గుర్తు లేదు, బీఫారం లేదు. కాబట్టే ఇక్కడ మన వాడకు మనమే పార్టీ కావచ్చు. ఈ అవకాశాన్ని మనం ఇంకా సరిగా వాడుకోలేదు.

ముందుగా ఏకగ్రీవం ఉచ్చు సంగతి. 2019 జనవరి ఎన్నికలప్పుడు ఏకగ్రీవమైన పంచాయతీకి 10 లక్షలు ఇస్తమని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఊరి ఐకమత్యం అని పేరు పెట్టారు. ఐకమత్యం మంచిదే, కానీ ఆ మాట రిజర్వు ఊళ్లల్లనే ఎందుకు అంత గట్టిగా వినబడుతుంది? కొన్నిచోట్ల గుడి పేరు చెప్పి సర్పంచ్ పదవికి వేలం పాట పెడతారు. వేలంలో కూలోడు పాడగలడా? పాడేది పైసలున్నోడు, సంతకం పెట్టేది వాని మనిషి. "అందరం కలిసి ఒక్కన్ని అనుకుందాం" అని ఎవరన్న వస్తే మనం అడగాల్సింది ఒక్కటే: ఆ అందరిలో వాడ ఉన్నదా? వాడలో కూర్చొని అనుకుందామా, నీ అరుగు మీద అనుకుందామా?

కాబట్టి మొదటి పని వాడ సభ. లిస్టు వచ్చేదాకా ఆగొద్దు. మాల, మాదిగ, ఉపకులాలు అందరూ ఒక్కకాడ కూర్చోవాలె. వర్గీకరణ మీద ఎవరి వాదం వాళ్లకు ఉండొచ్చు. అది చదువుల, కొలువుల వాటా సంగతి. సర్పంచ్ ఎన్నికల్లో మాత్రం మాలోడిని ఒకన్ని, మాదిగోడిని ఒకన్ని ఎదురెదురు నిలబెట్టి, ఇద్దరికీ ఒక్క ఇంటి నుంచే పైసలు పంపడం పెత్తందార్లకు అలవాటే. అభ్యర్థిని వాడ సభలో, ఆడవాళ్లు కూడా చెయ్యెత్తి ఎంచుకుంటే ఆ ఆట సాగదు. వాడ బయట బీసీ కులాల కూలోళ్లు, చేతిపనుల వాళ్లు, తండా వాళ్లు కూడా పెత్తందార్ల కింద నలుగుతున్నోళ్లే. ఉమ్మడి ఓటులో వాళ్ల ఓట్లు లేకుండా మనం గెలవలేం. వాళ్ల గడపకు మనమే ముందు పోవాలె, నీళ్ల సంగతి, ఇండ్ల జాగల సంగతి వాళ్లతో కలిసే మాట్లాడాలె.

రెండోది పైసలు. 2019లోనూ 2025లోనూ సర్పంచ్ అభ్యర్థికి డిపాజిట్ 2,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 1,000. వార్డుకు 500, మనకు 250. అయిదు వేల జనాభా దాటిన పంచాయతీలో సర్పంచ్ ఖర్చు 2 లక్షల 50 వేలు, అంతకు తక్కువున్న చోట లక్షా 50 వేలు మించొద్దని ఎన్నికల సంఘం పెట్టింది. ఊళ్లల్ల పోయే సారా, బిర్యానీ ఖర్చు ముందల ఈ అంకెలు నవ్వు పుట్టిస్తాయి. కానీ పెత్తందారు పెట్టే ఖర్చు దానం కాదు, మిత్తికిచ్చే అప్పు. అయిదేండ్లు సంతకాలతో కట్టించుకుంటడు. ఇంటికి ఇరవయ్యో, యాభయ్యో వాడ చందా వేసుకుంటే డిపాజిట్ వెళ్తుంది, కరపత్రం వెళ్తుంది. చందా ఇచ్చినోడు ఓటు అమ్ముకోడు, రేపు లెక్క కూడా అడుగుతడు. అడగాలె కూడా.

మూడోది కాయితాలు. మనోళ్లను ఓడించే సులువైన జాగా నామినేషన్ల పరిశీలన. కులం సర్టిఫికెట్ తహసీల్దార్ ఆఫీసు నుంచి ముందే తెచ్చిపెట్టుకోవాలె. ఇంటిపన్ను బాకీ లేకుండా రసీదు తీసుకోవాలె. ఓటరు లిస్టులో పేరు, తండ్రి పేరు, వయసు ఎట్లున్నయో చూసుకోవాలె. 21 ఏండ్లు నిండి ఉండాలె. పేరు ప్రతిపాదించేటోడు ఆ ఊరి ఓటరే కావాలె, చివరిరోజు బెదిరిస్తే మాట మార్చనోడు కావాలె. కేసులు, ఆస్తులు, అప్పులు రాసే కాయితంలో ఏ గడీ ఖాళీ వదలొద్దు. గెలిచినా ఓడినా 45 రోజుల్లో ఖర్చు లెక్క ఇయ్యాలె. ఇయ్యకపోతే మూడేండ్లు పోటీకి పనికిరాకుండా చేస్తారు. ఓడినోళ్లు ఈ సంగతి మర్చిపోతే తర్వాతి ఎన్నిక కూడా చేజారుతుంది.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం: ఒక్కడివే నిలబడొద్దు. సర్పంచ్ సీటు మనకు రిజర్వు కావచ్చు. ఉప సర్పంచ్ పదవికి రిజర్వేషన్ లేదు. వార్డు సభ్యుల్లోంచి ఒకర్ని ఎన్నుకుంటారు. 2018 చట్టం సర్పంచ్‌కు ఉప సర్పంచ్‌తో కలిపి జాయింట్ చెక్‌పవర్ పెట్టింది. 2019లో గెలిచిన మన సర్పంచ్‌లకు దాని దెబ్బ బాగా తెలుసు. మన సంతకం కింద రెండో సంతకం పడకపోతే వాడలో మోరీ కట్టిన బిల్లు కూడా కదలదు. రెండో సంతకం కోసం మళ్లీ ఆ అరుగు ముందలికే పోవాలె. కాబట్టి సర్పంచ్ అభ్యర్థితో పాటు వార్డు వార్డుకూ మన మనిషో, మనతో నిలబడే బీసీ, ఎస్టీ మనిషో ఉండాలె. పాలకవర్గంలో ఎక్కువమంది మనవైపు లేకపోతే కుర్చీ గెలిచి పంచాయతీ ఓడినట్టే.

ఆడవాళ్ల సీటు సంగతి వేరే చెప్పాలె. ఎస్సీ మహిళ రిజర్వు అయితే పటేలు పెత్తనం మీద మొగుడి పెత్తనం తోడైతది. ఆమె నాట్లకు పోతే ఆయన పంచాయతీ ఆఫీసులో కూర్చుంటడు. పటేలు పెత్తనం తప్పంటున్న మనం ఇంట్లో పెత్తనం ఒప్పంటే చెల్లదు. సర్పంచ్ ఆమె అయితే సభకు ఆమె పోవాలె, మాట్లాడేది ఆమె కావాలె. చదువు రాదంటే వాడలో చదివిన ఆడపిల్లలు కాయితం చదివి వినిపించాలె. చదివి వినిపించనిదే సంతకం పెట్టనని చెప్పే హక్కు ఏ సర్పంచ్‌కైనా ఉన్నది.

గెలిచినంక అప్పుల ఊబి ఉంటుంది. 2019లో గెలిచిన సర్పంచ్‌లతో వైకుంఠధామాలు, డంపింగ్ యార్డులు, పల్లె ప్రకృతి వనాలు కట్టించారు. చాలామంది సొంత పైసలు, మిత్తి పైసలు పెట్టి పనులు చేశారు. బిల్లులు రాక రోడ్డెక్కారు. 2024 ఫిబ్రవరి మొదట్లో పదవి అయిపోయింది, బిల్లులు మిగిలిపోయినయి. ఆ తర్వాత 2025 డిసెంబరులో మూడు విడతల ఎన్నికలయ్యేదాకా ఊళ్లు స్పెషలాఫీసర్ల చేతుల్ల ఉన్నయి. పొలమున్న సర్పంచ్ బిల్లు ఆలస్యమైతే తట్టుకుంటడు. 2021లో 5 వేల నుంచి 6,500కు పెరిగిన గౌరవ వేతనం మీద బతికే కూలి సర్పంచ్ తట్టుకోలేడు. అధికారి ఎంత తొందరపెట్టినా, పంచాయతీ ఖాతాలో పైసలు చూడనిదే, తీర్మానం రాయనిదే, కొలతల పుస్తకంలో ఎక్కుతుందని తెలియనిదే చేతి పైసలు పెట్టొద్దు. అడ్డం తిరిగితే గ్రామసభ పెట్టి జనం ముందల చెప్పాలె. గ్రామసభ మనకు అండ.

బెదిరింపుల సంగతి దాచిపెట్టం. తమిళనాడు మదురై జిల్లా మేలవళవులో 1996లో రిజర్వు సీటుకు గెలిచిన మురుగేశన్‌ను, ఆయనతో పాటు మరో అయిదుగురిని 1997 జూన్ 30న చంపేశారు. అదే జిల్లా పాప్పాపట్టి, కీరిపట్టిల్లో రిజర్వు సీటుకు సరిగా ఎన్నిక జరగడానికి 2006 దాకా పట్టింది. అట్లని భయపడి ఇంట్లో కూర్చుంటే కారంచేడు, చుండూరు తర్వాత మనం చేసిన ఉద్యమం ఎందుకు? 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన అట్రాసిటీ చట్టం సవరణలో, ఎస్సీని నామినేషన్ వేయనీయకపోవడం, బలవంతంగా విత్‌డ్రా చేయించడం, గెలిచిన సర్పంచ్‌ను పని చేయనీయకపోవడం నేరాలని స్పష్టంగా రాసి ఉంది. బెదిరించిన రోజే రాసి ఇయ్యాలె, రసీదు తీసుకోవాలె, సంఘానికి తెలపాలె. ఒక్కడు పోతే పోలీసు స్టేషన్‌లో రాజీ చేయిస్తారు. వాడ పోతే కేసు రాస్తారు.

ఇంకొక్క సంగతి. జనరల్ సీటంటే పెద్దకులాల సీటని ఊళ్లో ప్రచారం ఉన్నది. జనరల్ అంటే అందరిదీ. రిజర్వేషన్ ఒక ఊళ్లోనే ఎల్లకాలం ఉండదు, తిరుగుతది. తిరిగిన రోజు మళ్లీ వెనుక బెంచీకి పోతమా? రిజర్వు ఉన్న అయిదేండ్లలో నీళ్లు, మోరీ, ఇండ్ల జాగలు, ఉపాధి పని లెక్క నిజాయితీగా చేసి చూపిస్తే, జనరల్ సీటుకు కూడా ఊరు మన మనిషిని తలుస్తది. అట్లా తలిచిన రోజే రిజర్వేషన్ తన పని చేసినట్టు.

తమ్ముడా, చెల్లే, నిలబడు. ఓడినా పరవాలేదు. వాడ ఎంచిన మనిషిగా, వాడ చందాతో, వాడ మందితో నిలబడి ఓడితే ఊరికి ఒక సంగతి తెలుస్తది, రేపటి ఎన్నికకు ఒక సంఘం మిగులుతది. అరుగు మీద పెట్టిన పేరుతో గెలిస్తే గోడ మీద ఫోటో ఒక్కటే మిగులుతది. లిస్టు వచ్చేదాకా చూడకుండా ఈ ఆదివారమే వాడలో సభ పెట్టండి. ఓటరు లిస్టు ముందల పెట్టుకొని ఒక్కొక్క ఇల్లు చదవండి. అక్కడి నుంచే మన పంచాయతీ మొదలైతది.

జై భీమ్.