రక్షకులకు సంకెళ్లా?
2001 జూలైలో లక్నో పోలీసువారు పురుషానురక్తులగు పురుషులు కలిసికొను ఉద్యానముపై దాడి చేసిరి. పిమ్మట వారికి హెచ్.ఐ.వి. నివారణోపాయములు తెలుపు సంస్థలను సోదా చేసిరి. నలుగురు కార్యకర్తలు నెలకు మించి చెఱసాలలో మ్రగ్గిరి. తొడుగులు పంచుట 377వ సెక్షను క్రింద కుట్రయట! కరపత్రములు అశ్లీలములట! 1860 నాటి దొరల శాసనమునకు మనవారి భాష్యమిది. న్యాయవాదులమైన మేము సిగ్గుపడుచున్నాము.

ఉద్యానమునకు తాళము వేసినంత కలయికలాగునా? దీపములేని సందులకు మరలును. అచ్చటికి తొడుగు తెచ్చువాడు లేడు, రక్తపరీక్షకు రమ్మనువాడును లేడు. వీరిలో ఉభయానురక్తులు గలరు, పెండ్లియైనవారు గలరు. ఆ యిల్లాలికి వ్యాధి సోకిన ఏ ఠాణా జవాబు చెప్పును?

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు పెద్దల పరస్పరసమ్మతిని నేరపరిధినుండి తప్పించినది. లాఠీ యలవాటు తీర్పుతో పోవునది కాదు. కార్యకర్త సంచిపై చేయి వేయరాదని ప్రతి ఠాణాకును వ్రాతమూలకముగా ఆజ్ఞ పంపుడు.