నట్లూ బోల్టులూ లేని వాక్యాలు

గాజువాక పక్కన ఆటోనగర్‌. ఓ లారీ మెకానిక్‌ షెడ్డు. తండ్రి లారీ కింద దూరి ఉన్నాడు. పదో తరగతి చదివే కొడుకు పానాలు అందిస్తున్నాడు.

‘డ్రైవరు ఏటన్నాడ్రా?’ లోపల్నించి అడిగాడు తండ్రి.

‘లంకెలపాలెం దాటేక గేరు గరగరమందంట నాన్నా. అయినా ఆపకుండా లాగించేసేడంట. కూర్మన్నపాలెం వచ్చేసరికి టంగుమని సప్పుడొచ్చిందంట. అందుకే అక్కడ్నించి తాళ్లు కట్టి లాక్కొచ్చేరు’.

ఎంత చక్కగా చెప్పాడు! విన్నవాళ్లకి లారీ కళ్ల ముందు కదిలింది. అదే కుర్రాడి తెలుగు వ్యాసం చూద్దామా? ‘మా నాన్న మెకానిక్‌. మా నాన్న చాలా మంచివాడు. మా నాన్న లారీలు బాగుచేస్తాడు. పని చాలా కష్టం. ఆటోనగర్‌ చాలా పెద్దది’. కింద ఎర్రసిరాతో మాస్టారి మాట: ‘వాక్యాలకు పొంతన లేదు’. పదికి మూడు మార్కులు.

నోట్లో ఉన్న ‘అయినా’, ‘అందుకే’, ‘వచ్చేసరికి’ కాగితం మీదికి ఎందుకు రాలేదు? చాలామంది పిల్లలది ఇదే ఇబ్బంది. రాయడమంటే మాట్లాడే భాషను గుమ్మం బయట వదిలేసి రావాలనుకుంటారు. ఈ ఉత్తరాంధ్ర గడ్డ మీదే గిడుగు రామమూర్తి పంతులుగారు (1863-1940) బడిలోకి వాడుకభాష రావాలని పోరాడారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. అయినా మన పిల్లల నోటికీ కలానికీ మధ్య దూరం ఇంకా మిగిలే ఉంది.

వాక్యాలు విడిభాగాలైతే వాటిని బిగించే నట్లూ బోల్టులే జోడింపు మాటలు. సైజు తప్పితే బండి నడవదు. కారణం చెప్పాలంటే ‘కాబట్టి, అందువల్ల’. ఎదురుమాట చెప్పాలంటే ‘అయితే, కానీ, అయినా’. కాలం చెప్పాలంటే ‘ఇంతలో, ఆ తర్వాత, చివరికి’. మరో సంగతి చేర్చాలంటే ‘పైగా, అంతేకాదు’.

తెలుగులో ఇంకో సౌకర్యం ఉంది. సగం బోల్టులు క్రియ తోకలోనే ఉంటాయి. ‘వాన పడింది. నేను బడికి వెళ్లాను’... ఈ రెండింటినీ కలపండి. ‘వాన పడినా వెళ్లాను’ అంటే పట్టుదల. ‘వాన పడుతుండగా వెళ్లాను’ అంటే తడిసి ఉంటాడు. ‘వాన పడ్డాక వెళ్లాను’ అంటే ఆలస్యమై ఉంటుంది. ఒక్క తోక మారితే కథే మారిపోతుంది! సంక్లిష్ట వాక్యాలంటూ వ్యాకరణం పాఠంలో బట్టీపట్టేవి ఇవే. ‘మరియు’తోనూ జాగ్రత్త. ఇంట్లో ఎవరూ ‘అమ్మ మరియు నాన్న’ అనరు. ‘అమ్మా నాన్నా’ అంటే సరిపోతుంది.

ఇక ‘చాలా’ సంగతి. పిల్లల వ్యాసాల్లో అన్నీ చాలానే... చాలా ఎండ, చాలా అందం, చాలా కష్టం. ‘చాలా ఎండగా ఉంది’ బదులు ‘చెప్పుల్లేని కాలు నేలకు ఆనడం లేదు’ అని రాస్తే? చదివేవాడి కాలు కూడా చురుక్కుమంటుంది. మాటలకోసం నిఘంటువు వెతకక్కర్లేదు. ఇంజను గరగరకీ, బ్రేకు కీచుకీ, బేరింగు రొదకీ తేడా చెప్పగల పిల్లాడికి మాటల కరవేమిటి?

తల్లిదండ్రులు చేయాల్సింది చిన్నపని. రాసేముందు ఆ సంగతిని మీకు నోటితో చెప్పమనండి. మధ్యమధ్యలో ‘అప్పుడేమైంది?’, ‘ఎందుకని?’, ‘మరి అయినా ఎందుకెళ్లాడు?’ అని అడగండి. జవాబుల్లోనే జోడింపు మాటలు దొర్లుతాయి. వాటిని అలాగే రాయమనండి. చివర్లో ‘చాలా’ ఉన్నచోటల్లా గీత గీసి, అక్కడ కంటికో చెవికో తగిలే సంగతి పెట్టమనండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. ప్రతి వాక్యానికీ ‘అంతేకాకుండా’ తగిలిస్తే అదీ విసుగే. అవసరమున్నచోటే బిగించాలి.

ఆ కుర్రాడు వ్యాసం మళ్లీ రాశాడు. ‘లారీ కింద దూరితే మా నాన్న కాళ్లు మాత్రమే కనిపిస్తాయి. ఎండకు ఇనుము కాలిపోతున్నా పానా వదలడు. అందుకే ఇంటికొచ్చి టీగ్లాసు పట్టుకుంటే ఆయన వేళ్లు వణుకుతాయి’.

తండ్రికి చదివి వినిపించాడు. ఆయన చేతులు గుడ్డతో తుడుచుకుంటూ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగాడు.

‘నా సేతులు ఒణకడం నువ్వెప్పుడు సూసేవురా?’