గురక పెడితే నిద్రపోయినట్టు కాదు

మన గదుల్లో గురక అంటే నవ్వులాట. "కుంభకర్ణుడు" అని పేరు పెట్టేస్తాం, పరుపు హాల్లోకి లాగేస్తాం. పార్సిప్పనీలో ఒక అపార్ట్‌మెంటులో నలుగురైదుగురు సర్దుకుని ఉండేవాళ్లకి ఇది కొత్త కాదు. కానీ ఆ గురక మధ్యలో ఆగిపోయి, కాసేపటికి మనిషి ఉలిక్కిపడి ఊపిరి అందుకోవడం ఎప్పుడైనా చూశారా? అది స్లీప్ ఆప్నియా కావచ్చు. గొంతులో గాలిదారి మూసుకుపోతుంది, మెదడు లేపుతుంది. గంటకు 30సార్లు దాటితే తీవ్రమైనదంటారు.

తర్వాత సంగతి మీకు తెలుసు. చిన్నమాటకే కస్సుమంటాడు. ఇంటికి ఫోన్ చేయబుద్ధి కాదు. మేస్త్రీ బద్ధకం అంటాడు, పనిచేసే ఇంటావిడ "ఎప్పుడూ మొహం మాడ్చుకుంటుంది" అంటుంది. స్వభావమే అంత అని తీర్పిచ్చే ముందు ఒక్క రాత్రి పరీక్ష జరగాలని నేనంటాను.

2016లో సేవ్ అనే పెద్ద అధ్యయనం వచ్చింది. గుండె, మెదడు రక్తనాళాల జబ్బులున్న 2,700మందికి పైగా అందులో ఉన్నారు. సీప్యాప్ మిషన్ వాడినవాళ్లకి గుండెపోట్లేమీ తగ్గలేదు. పగటి మత్తు, దిగులు మాత్రం తగ్గాయి. అదీ రాత్రికి సగటున మూడు గంటల చిల్లర వాడితేనే. (జీతం ఆపేస్తే వచ్చే దిగులు ఏ మాస్కుతోనూ పోదు, అది వేరే సంగతి.)

అదే ఏడాది సెప్టెంబరు 29న హొబోకెన్ స్టేషన్లో రైలు ఆగకుండా దూసుకొచ్చి ఒకరు చనిపోయారు, వందమందికి పైగా గాయపడ్డారు. డ్రైవరుకి తీవ్రమైన ఆప్నియా ఉందని అంతకుముందు ఎవరూ కనిపెట్టలేదు. పరంజా ఎక్కే మీకు వేరే చెప్పాలా?

డాక్టరు దగ్గరికెళ్తే ఆ రోజు కూలి పోతుందని భయం. న్యూజెర్సీలో 2018 అక్టోబరు 29 నుంచి చట్టం ఉంది: 30గంటల పనికి గంట చొప్పున, ఏడాదికి 40గంటల దాకా జీతంతో సిక్ లీవు. కాగితాలు లేనివాళ్లకీ వర్తిస్తుంది. చేరిన 120రోజుల తర్వాత వాడుకోవచ్చు. యూనియన్ ఒప్పందం కింద ఉన్న కట్టడం పనివాళ్లు మాత్రం తమ ఒప్పందం చూసుకోవాలి. డోవర్లోని జుఫాల్ హెల్త్ సెంటర్లో ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకుంటారు. వేలికి క్లిప్పు పెట్టుకుని ఇంట్లోనే ఒక రాత్రి చేసే పరీక్ష గురించి అడగండి.

ఇళ్లల్లోనే ఉండి పనిచేసే అక్కలది ఇంకో కష్టం. పాప గదిలోనే పడక, మిషన్ చప్పుడు వద్దంటారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న గృహ కార్మికుల హక్కుల చట్టం ప్రకారం వరుసగా ఆరు రోజులు పనిచేస్తే ఒక రోజు సెలవివ్వాలి, ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి. ఆ కాగితంలో జీతంతోపాటు పడుకునే గది గురించి కూడా రాయించండి. మంచం ఎక్కడ, మిషన్‌కి ప్లగ్గు ఎక్కడ అన్నదీ.