ప్రచారకుడు ముందు మగ్గము చూడవలెను

సహకార సంఘములకు పౌరసంబంధాల అధికారి ఒకరు కావలెనా వద్దా అను చర్చ ఇటీవల మన సర్వసభ్య సమావేశములలో తరచు వచ్చుచున్నది. నూలుకు, రంగులకు, కూలికి చాలని డబ్బు ప్రచారమునకు ఎక్కడనుండి తేగలమని పెద్దలు అడుగుచున్నారు. సరకు మడతలు పెట్టి బీరువాలో ఉంచి, కొనువాడు తానై వచ్చునని ఎన్నాళ్లు కూర్చుందుమని యువకులు అడుగుచున్నారు. మేము యువకుల పక్షమే. అయితే ఆ ప్రచారము చేయువాడు ఎవరు, ఏమి చెప్పును, ఎవరికి జవాబుదారి అనునది తేల్చుకొనక రూపాయి అయినను ఖర్చు చేయరాదని మా మనవి.

పౌరసంబంధాల పని మన దేశములో కొత్తది కాదు. ఆ వృత్తివారి సంఘము 1958లోనే ఏర్పడినది. వెనుక వారి పని సులువుగా తెలియునది: పత్రికకు ఒక ప్రకటన, ఒక ఛాయాచిత్రము పంపుట, విలేకరిని పిలిచి కాఫీ ఇచ్చి మాట్లాడుట. ఇప్పుడు కొనువారి కన్ను పత్రిక మీదకంటె చేతిలోని ఫోను మీదనే ఎక్కువ. కనుక ఇన్‌స్టాగ్రామ్‌లో లక్షమంది చూచు అమ్మాయి ఎవరో మన చీర కట్టి నాలుగు మాటలు చెప్పిన చాలునని ప్రచార సంస్థలు సలహా ఇచ్చుచున్నవి. ఆమె చెప్పునది మనస్ఫూర్తిగానా, డబ్బు పుచ్చుకొనియా అని జనులు సందేహించుచున్నారు. ఆ సందేహము న్యాయమైనదే. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద తప్పుడు ప్రకటనకు 10 లక్షలవరకు, మరల చేసిన 50 లక్షలవరకు జరిమానా కలదు. సరకును పొగడువారు తమకు ముట్టిన ప్రతిఫలమును బయట చెప్పవలెనని 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ సూచనలు వెలువరించినది. ఉచితముగా ఇచ్చిన చీరయు ప్రతిఫలమే. మన సంఘముల కార్యదర్శులలో ఈ సంగతి తెలిసినవారు తక్కువ. చీర ఇచ్చి ఊరకుండుట మర్యాద అని మనవారు తలచుచున్నారు. చట్టము అట్లు తలచదు.

ఆ మధ్య ఒక ప్రచార సంస్థవారు మా సంఘమునకు నమూనా పోస్టరు పంపిరి. కంప్యూటరు తానే గీసిన బొమ్మ. తెల్లని గడ్డము గల వృద్ధుడు, కిటికీలోనుండి బంగారు వెలుగు, చూచుటకు ముచ్చటగానే ఉన్నది. అయితే ఆ మగ్గమునకు పన్ని లేదు. నాడె వృద్ధుని చేతిలో ఉన్నది గాని దారము పడుగులోనికి పోక అతని భుజము మీదకు పోవుచున్నది. మా సభ్యులు నవ్విరి. ఆ బొమ్మకు ధర చెప్పినప్పుడు నవ్వు ఆగినది. నిజమైన మగ్గములు పదిమైళ్లలో ఉండగా లేని మగ్గమును గీయించుట ఏమి అవసరము? కొనువాడు ఆ బొమ్మ అబద్ధమని ఒకసారి గుర్తించినచో, క్రింద వ్రాసిన "చేనేత" అను మాటను కూడ అబద్ధమనియే తలచును.

ఇక అసలు సంగతికి వచ్చెదము. 2015 ఆగస్టు 7న మద్రాసులో మొదటి జాతీయ చేనేత దినోత్సవము జరిగినది. 1905లో అదే తేదీన కలకత్తాలో స్వదేశీ ఉద్యమము ప్రకటింపబడినందున ఆ దినము ఎంచుకొనిరి. మరుసటి ఏడాది నేను చేనేత ధరించుచున్నాను అని పెద్దలు, తారలు ఛాయాచిత్రములు పెట్టిరి. ఆ ప్రచారమువలన చేనేత అను మాటకు పట్టణములలో విలువ పెరిగినదనుట నిజము. మాటకు విలువ పెరిగినంతట మగ్గమునకు పని పెరుగునని చెప్పలేము. ఆ మాటను కాపాడువాడు లేనిచో, పెరిగిన గిరాకీ మరమగ్గముపై నేసి అచ్చు వేసిన బట్టకు పోవును. పోచంపల్లి చిటికి పని చీరను చూడుడు. దారమునకే ముడివేసి రంగు వేయుటచేత రంగు రెండు వైపుల సమముగా ఉండును, బొమ్మ అంచులు కొంచెము చెదిరినట్లు కనబడును. అచ్చు చీర వెనుకవైపు త్రిప్పిన వెలిసినట్లుండును. ఈ ఒక్క ముక్క కొనువారికి చెప్పుటకు రెండు నిమిషములు పట్టదు. లక్షలు పెట్టి తీసిన ప్రచార చిత్రములలో ఎంతమంది చెప్పిరి?

గుర్తుల సంగతియు అంతే. 2006లో వచ్చిన చేనేత గుర్తు బట్ట చేతిమగ్గముదని చెప్పును గాని పట్టుదని చెప్పదు. సిల్కు మార్కు పట్టుదని చెప్పును గాని చేతిమగ్గముదని చెప్పదు. భౌగోళిక గుర్తింపు ఏ సీమదో చెప్పును, అన్ని సరకులకు అది చేతిపని అని అర్థము కాదు. మేమున్న సేలం ప్రాంతములో పెండ్లికి తెల్లపట్టు పంచె కొనువారు ఈ మూడింటిని ఒకటిగానే తలచుచున్నారు. దుకాణములవారు ఆ కలతను తీర్చరు, వారికి అది లాభము. 1985 నాటి చట్టము 11 రకముల బట్టలను చేతిమగ్గమునకు ప్రత్యేకించినది. దాని పేరు విన్న కొనుగోలుదారు మాకు ఇంతవరకు తగులలేదు.

ఇచ్చట మన మరమగ్గపు బంధువులకు ఒక మాట. సోలాపురములో, భివండిలో మన తెలుగు కుటుంబములు వేలుగా ఆ మగ్గములపైనే బ్రతుకుచున్నవి. మా అక్కచెల్లెండ్రను అక్కడికే ఇచ్చితిమి. మరమగ్గమును తిట్టు ప్రచారము మాకు వద్దు. సోలాపురము దుప్పటి మరమగ్గముపైననే నేయబడి, భౌగోళిక గుర్తింపు పొంది, తన పేరుతోనే దేశమంతట అమ్ముడగుచున్నది. అది చేతిపని అని ఎవరును చెప్పనక్కర లేకపోయినది. మన తగాదా మగ్గముతో కాదు, చీటీ మీది అబద్ధముతో.

ప్రచారకులకు మిక్కిలి ఇష్టమైనది కన్నీటి కథ. 2019-20 చేనేత గణన ప్రకారము నేత కుటుంబములలో సుమారు మూడింట రెండు వంతులకు నెలకు 5,000 రూపాయలకు లోపే ఆదాయము. ఇది దాచవలసినది కాదు. ఈ అంకెను ప్రభుత్వము ముందు పెట్టవలెను. కొనువాని ముందు దానినే పెట్టిన జాలితో ఒక చీర కొనును, మరల రాడు. పైగా మన పిల్లలు ఆ చిత్రములు చూచి, మగ్గము అనగా బిచ్చము అనుకొనుచున్నారు. ఆసుపోయు ముసలమ్మ వేళ్ల నేర్పును చూపవలెను గాని ఆమె చినిగిన రవికను కాదు. ఆమె అనుమతి లేక ఛాయాచిత్రము తీయరాదు, పని ఆపి కూర్చున్న పూటకు కూలి ఇవ్వవలెను. మగ్గము ఆగినచో ఆ దినము సున్న అని ప్రచారకునికి తెలియదు.

అట్టివాడు పట్టణపు సంస్థనుండి రానక్కరలేదు. మన ఇండ్లలోనే చదివిన ఆడపిల్లలు ఉన్నారు. ఇంట తెలుగు, బడిలో తమిళమో, కన్నడమో, మరాఠీయో, ఒరియాయో. కండె చుట్టిన చేతులే, కొనువారి భాషయు తెలుసు. బరంపురము పట్టును గురించి ఒరియాలో, మొళకాల్మూరు చీరను గురించి కన్నడములో వ్రాయుటకు వారికంటె తగినవారు ఎవరు? ప్రచారమంతయు ఇంగ్లీషులో, హిందీలో నడచుటచేత పక్క ఊరి కొనుగోలుదారుకే మనము తెలియకున్నాము. 2020లో అఖిల భారత చేనేత బోర్డు రద్దయిన తరువాత మన మాట మనమే చెప్పుకొనవలసిన అవసరము మరింత పెరిగినది.

జీతము సంగతి. ఎంతమంది చూచిరి, ఎంతమంది మెచ్చిరి అను లెక్కలు చూపి బిల్లు పెట్టుట ఆ వృత్తిలో ఆచారము. మనకు కావలసిన లెక్క వేరు: ఎన్ని ఆర్డర్లు వచ్చినవి, ఎన్ని తిరిగి వచ్చినవి, రెండవసారి కొన్నవారు ఎందరు. ఈ మూడు అంకెలు నెలనెలా పాలకవర్గము ముందు పెట్టవలెను. పెట్టలేనివారితో ఒప్పందము పొడిగించరాదు.

పై షరతులతో ఒక అమ్మాయిని ఏడాదికి నియమించుటకు మా సంఘము తీర్మానము సిద్ధము చేయుచున్నది. జీతమంతయు ఒక్క సంఘమునకు భారము. వంతు భరింపగల పొరుగు సంఘముల కార్యదర్శులు, తమ వద్ద నిలువ ఉన్న సరకు వివరములతో, ఉగాదిలోపుగా మాకు వ్రాయ ప్రార్థన.